బడి బోర్డు చూసి కాదు, ఇల్లు చూసి అర్హత తేల్చండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర సాయంత్రాలు హైస్కూలు, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. పేద పిల్లల్ని కాలేజీ దాకా చేర్చే పథకాలకు ఎవరు అర్హులన్న విషయమై ఈ లేఖ రాస్తున్నాను.

నా దగ్గర చదివే ఒకమ్మాయి తండ్రి బోటు కలాసీ. తల్లి తెల్లారకుండానే హార్బర్‌లో చేపలు వేలం పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇల్లు అప్పుల మీదే గడుస్తుంది. సరిగ్గా అప్పుడే బడులు తెరుస్తారు, ఫీజు అడుగుతారు. ఇంగ్లీషు వస్తుందన్న ఆశతో, కడుపు కట్టుకుని పిల్లను వీధి చివరి ప్రైవేటు స్కూల్లో వేశారు మరి.

ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి, కేంద్రం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు అందేవి. ఆదాయ పరిమితి 3.5 లక్షలు. వీళ్ల సంపాదన దాని దరిదాపుల్లో లేదు. కానీ ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే ఆ పరీక్ష రాయాలట. మరి విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద పేద పిల్లల్ని ప్రైవేటు బడుల్లో చేర్పిస్తున్నది ప్రభుత్వమే కదా! వాళ్లు ఎనిమిదో తరగతికి వచ్చాక ఏం చెబుతాం? ఉన్నవాళ్లు ఎగరేసుకుపోకుండా చూడాలంటే ఆదాయ పరిమితి ఉండనే ఉంది.

అమెరికాలో 1960ల నుంచి నడుస్తున్న అప్‌వర్డ్ బౌండ్‌ను చూడండి. హైస్కూలు పిల్లల్ని కాలేజీకి సిద్ధం చేసే కార్యక్రమం అది. చేరేవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది తక్కువ ఆదాయం గల ఇళ్ల నుంచి రావాలి, పైగా వాళ్ల తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ డిగ్రీ ఉండకూడదు. ఈ రెండో షరతు మనకు చాలా అవసరం. డిగ్రీ చదివినవాళ్లు లేని ఇంట్లో ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక కూడా టెన్షనే. వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీ ముందు పెట్టాలో చెప్పే దిక్కుండదు. నెట్ సెంటర్ కుర్రాడు ఏది నొక్కితే అదే ఆ పిల్ల భవిష్యత్తు.

స్కాలర్‌షిప్ నిబంధన కేంద్రానిది. దాన్ని మార్చమని రాష్ట్రం తరఫున మీరు లేఖ రాయాలి. రాష్ట్రం ఇచ్చే ఉచిత కోచింగ్‌కైతే మీ ఉత్తర్వు చాలు. దరఖాస్తులో బడి ఏ యాజమాన్యానిదన్న షరతు తీసేసి, తల్లిదండ్రులు ఎంతవరకు చదివారన్న గడి చేర్పించండి. అది వచ్చే విద్యా సంవత్సరానికే జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
విశాఖపట్నం