అమెరికా యూదులు హిట్లర్ కాలంలో పుట్టుకురాలేదు

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో అమెరికా యూదుల మీద వచ్చిన వ్యాసం చదివాను. హిట్లర్ తరిమితేనే వాళ్లందరూ అమెరికా చేరినట్టూ, చేరీ చేరగానే శాస్త్రవేత్తలూ సినిమా నిర్మాతలూ అయిపోయినట్టూ రాశారు. ఏళ్ల తరబడి కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, ఊరుకోబుద్ధి కాలేదు.

బ్రెజిల్‌లోని రెసీఫే డచ్చివారి చేయి జారి పోర్చుగీసుల వశమయ్యాక, 1654లో అక్కడి నుంచి 23 మంది యూదులు నేటి న్యూయార్క్‌కు వచ్చారు. ఆ ఊరు అప్పట్లో డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ చేతిలో ఉండేది. అక్కడి గవర్నర్ స్టైవెసాంట్ వాళ్లను వెళ్లగొట్టాలని చూశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కంపెనీ పెద్దలు ఒప్పుకోలేదు. దయ తలచి కాదు, కంపెనీలో యూదుల పెట్టుబడి ఉంది మరి! 1800 నాటికి దేశంలో యూదులు ఎక్కువగా ఉన్నది దక్షిణాదిలోని చార్లెస్టన్‌లో. తూర్పు ఐరోపా నుంచి లక్షల మంది వచ్చింది 1880ల నుంచే. 1924 చట్టంతో ఆ రాకకు అడ్డుకట్ట పడింది.

అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది బట్టలు కుట్టే కార్ఖానాల్లో, వీధి బళ్ల మీద బతికినవారు. ఒకే ఊరివాళ్లు కలిసి సంఘం పెట్టుకునేవారు. చందా కడితే జబ్బు చేసినప్పుడు భత్యం, సంఘం కుదుర్చుకున్న డాక్టరు, పోయాక శ్మశానంలో చోటు. అలాంటి సంఘాల పద్దులూ మినిట్స్ పుస్తకాలూ మాన్‌హాటన్ పదహారో వీధిలోని యూదు చరిత్ర కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది కాబట్టి వెళ్లి చూశాను. అసలు చరిత్ర ఆ పద్దుల్లోనే ఉంది.

పద్దుల్లో దొరకనిది పత్రికల్లో దొరుకుతుంది. తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో వెలువడిన దినపత్రిక ‘ఫార్వర్ట్స్’ 1906లో ‘బింటెల్ బ్రీఫ్’ అని పాఠకుల ఉత్తరాల శీర్షిక మొదలుపెట్టింది. పెళ్లి గొడవలు, పని దొరకని బాధ, ముసలి తల్లిదండ్రులను పాత ఊళ్లో వదిలి వచ్చిన దిగులు, అన్నీ అందులో రాసేవారు, సంపాదకుడు జవాబు చెప్పేవాడు. భార్యాబిడ్డలను వదిలి పారిపోయిన భర్తల ఫోటోలు కూడా ఆ పత్రిక వేసేది. (మీరూ వేస్తే పేజీలు చాలవేమో.)

అమెరికాలోని మన తెలుగు సంఘాలు సంబరాలకు అట్ట మెరిసే సంచికలు వేస్తాయి. తొలినాళ్ల చందా పుస్తకాలు, ఉత్తరాలు ఎవరింటి గరాజులో ఉన్నాయో! వాటిని ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీ వ్యాసకర్తకు న్యూయార్క్ ప్రయాణం కుదరకపోయినా ఫరవాలేదు. ‘ఫార్వర్ట్స్’ పాత సంచికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

– విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, తెనాలి