బ్యాచ్ 17 కారం వాడకండి, ఆవకాయ కూడా

బెంగళూరు మారతహళ్ళిలోని మా కొట్టులో కొన్నా, పార్సిల్‌లో తెప్పించుకున్నా, మూత మీద 17 అని ఉన్న కారం, 17ఎ అని ఉన్న ఆవకాయ పక్కన పెట్టేయండి. ల్యాబు పరీక్షలో ఈ కారంలో అఫ్లాటాక్సిన్ అనే విషం కిలోకి 41 మైక్రోగ్రాములు తేలింది. మసాలా దినుసులకు కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దు 30. తేమ ఆరని కాయకు పట్టే బూజు వదిలే విషం ఇది. ఈ మోతాదు తిన్న పూటకే ఏమీ చేయదు, ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే కాలేయానికి చేటు. ఎండబెట్టినా, తాలింపు పెట్టినా పోదు.

గుంటూరు నుంచి మాకు తేజ రకం మిరపకాయ పంపే వ్యాపారి టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, నీళ్ళు చల్లించారు. బస్తాలో తొక్కేటప్పుడు కాయ విరగదు, తూకమూ పెరుగుతుంది. ‘అందరూ చేసేదేనండీ’ అన్నారు. పైకాయ గలగలలాడుతుంది, నడుమ కాయ మెత్తగానే ఉంటుంది. పైకాయ చూసి సరుకు దించుకున్న తప్పు మాదే. ఆ తర్వాత ఆయన వేరే ల్యాబు రిపోర్టు పంపి, ‘18 వచ్చింది, మీ ల్యాబే తప్పు’ అన్నారు. రెండు అంకెలూ నిజమే కావచ్చు. ఈ విషం సరుకంతా సమానంగా ఉండదు, కొద్దిపాటి కాయల్లోనే పోగుపడుతుంది. ఆ కాయలు పడని గుప్పెడు తీసి పంపితే ఏ ల్యాబైనా పాసే అంటుంది. కాబట్టి ఆయన 18 మా 41ని కొట్టెయ్యదు. ఆయనతో బేరం ఇక లేదు.

మమ్మల్ని నలిపేసింది ఆ కారంతో పెట్టిన ఆవకాయ. కిలో ఆవకాయలో కారం వంద గ్రాములకు అటూ ఇటూ. 41ని పదో వంతు చేస్తే నాలుగు చిల్లర, కాగితం మీద నిక్షేపంగా పాస్. మామిడికాయల రోజులు అయిపోయాయి, మళ్ళీ పెట్టే వీల్లేదు. అయినా చెడ్డ కారంలో మంచి కారం కలిపి అంకె దించడానికీ, మామిడి ముక్కలు కలిపి దించడానికీ తేడా మాకు కనబడలేదు. జాడీలన్నీ తీసేశాం.

సగం వాడిన సీసా అయినా ఇవ్వండి, బిల్లు అక్కర్లేదు. దూరం వాళ్ళు మూత నంబరు ఫొటో వాట్సాప్ చేస్తే యూపీఐలో డబ్బు వేస్తాం. ఆవులకు మాత్రం పెట్టకండి, పాలలోకి దిగుతుంది. వెనక్కి వచ్చిన సరుకులో ఫినాయిల్ కలిపాకే బయటికి పంపుతాం, లేకపోతే ఎవరో మళ్ళీ ప్యాక్ చేస్తారు. ఆహార భద్రత అధికారులకు 24 గంటల్లోపే తెలియజేశాం.

ఇకపై ప్రతి టిక్కీలో పైన, నడుమ, అడుగున కాయ తీసి తేమ చూస్తాం. 10 శాతం దాటితే లారీ వెనక్కే. తొడిమలు తీసి, తాలు (రంగు పోయిన పనికిరాని కాయ) ఏరి, ఆడించి, బాగా కలిపాకే నాలుగైదు చోట్ల నుంచి శాంపిల్ తీస్తాం. రిపోర్టు రానిదే సీసా నింపం. దీనివల్ల కారం కిలోకు 40 రూపాయలు పెరుగుతుంది.

ఈ ఏడు మా దగ్గర ఆవకాయ ఉండదు. బయట కొని మా లేబుల్ అంటించమని మాత్రం అడక్కండి.