మేలుజాతి వేరు, శుద్ధజాతి వేరు

సంపాదకులకు నమస్కారం.

బండలాగుడు పోటీల వార్తల్లో, పశువుల సంత వార్తల్లో ‘దేశవాళీ’, ‘మేలుజాతి’, ‘శుద్ధజాతి’ మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. ఆ మాట నమ్మి రెట్టింపు ధర పెట్టే రైతు నష్టపోతున్నాడు.

దేశవాళీ అంటే ఈ దేశపుది, అంతే. ఏ జాతికీ చెందని నాటు ఆవూ దేశవాళీయే. మేలుజాతి అంటే పాలకో పనికో మెరుగైనది. జెర్సీ సంకరాన్నీ అలాగే అంటున్నారు. శుద్ధజాతి అన్నది పుట్టుకకు సంబంధించిన మాట. తల్లీ తండ్రీ, వాటిని కన్నవీ అన్నీ ఒకే జాతివై ఉండాలి.

నాటు ఆవుకు ఒంగోలు సూది (ఒంగోలు ఆంబోతు వీర్యంతో కృత్రిమ గర్భధారణ) వేయిస్తే పుట్టే పెయ్యలో ఒంగోలు వాటా 50 శాతం. దానికీ ఒంగోలు సూదే వేయిస్తే 75, ఆపైన 87.5, నాలుగో తరానికి 93.75. ప్రతి తరానికీ ఆంబోతును మార్చాలి, లేకుంటే తండ్రినే కూతురికి దాటించినట్టు. ఒంగోలు పెయ్య తొలి ఈతకే మూడేళ్లు దాటుతుంది కాబట్టి, వరసగా పెయ్యలే పుట్టినా ఇదంతా పదేళ్ల పైమాటే. ఇలా వచ్చినవాటిని ‘గ్రేడెడ్’ అనాలి. గేదెల్లో ‘గ్రేడెడ్ ముర్రా’ అని చక్కగా విడదీసి చెప్పుకుంటున్నాం, ఆవుల దగ్గరే ఆ జాగ్రత్త లేదు.

ఒంగోలుకు మొదట్లో లావుగా ఉండే పొట్టి కొమ్ములు, నల్లటి మూతి, నల్లటి రెప్పవెంట్రుకలు, మడతలు పడి జారే గంగడోలు, నల్లటి తోకకుచ్చు ఉండాలి. మూతి ఎర్రగా ఉన్నా, కుచ్చు తెల్లగా ఉన్నా కాదని చెప్పొచ్చు. అన్నీ సరిపోయినా అవునని మాత్రం చెప్పలేం. మూడో తరం గ్రేడెడ్ పెయ్య కూడా చూపుకు అచ్చం అలాగే ఉండొచ్చు.

రుజువు రికార్డులోనే దొరుకుతుంది. చెవికున్న 12 అంకెల ట్యాగు, తల్లి ట్యాగు నంబరు, వీర్యపు గొట్టం మీది ఆంబోతు నంబరు, సూది వేసిన తేదీ చూడాలి. సూదికీ ఈతకూ మధ్య సుమారు 285 రోజులు ఉండాలి. మరో 21 రోజులు ఎక్కువైతే ఆ సూది నిలవలేదని, తర్వాతి ఎదలో ఊరి ఆంబోతు దాటి ఉండొచ్చని అనుమానించాలి. మన పశువులను తీసుకెళ్లి నెల్లూరు పేరుమీద ‘నెలోరె’ అని పిలుచుకున్న బ్రెజిల్ వాళ్లు 1938లోనే వాటికి వంశావళి నమోదు మొదలుపెట్టారు.

ఆ వివరాలు చేతిలో లేనప్పుడు విలేకరులు ‘ఒంగోలు గిత్తలు’ అని రాస్తే చాలు. ‘శుద్ధ’ అన్న మాట దయచేసి చేర్చవద్దు.

— పశుపోషణ రంగంలో పనిచేస్తున్న పాఠకులు, ఒంగోలు