కొలవని గెడ్డలకు చెక్‌డ్యాములు

సంపాదకుడు గారికి,

గెడ్డలు ఎండిపోతున్నాయి కాబట్టి ఈ కొండవాగులన్నిటికీ చెక్‌డ్యాములు కట్టి, పైన మొక్కలు నాటిస్తామని అధికారులు సెలవిచ్చిన వార్త మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. ఎవరైనా ఒక్క మాట అడుగుతారేమోనని రోజూ చూశాను. ఎండిపోతున్నాయి సరే, ఇదివరకు ఎంత పారేవి, ఇప్పుడెంత పారుతున్నాయి? ఆ లెక్క ఎవరి దగ్గరుంది?

మహేంద్రగిరి మీద పడ్డ వానలో కొంత బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది, కొంత వంశధారలోకి పోతుంది. వంశధారను కాశీనగర్ దగ్గర కొలుస్తారు, నాగావళిని శ్రీకాకుళం దగ్గర కొలుస్తారు. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లెత్తితే ఎన్ని క్యూసెక్కులు వదిలారో మర్నాడు మీరే అచ్చేస్తారు. అవన్నీ నది కిందికి దిగాక చూసే లెక్కలు. మా మందస వైపు కొండల్లో గెడ్డ పక్కన ఒక కొలబద్ద పాతినట్టు నేనెక్కడా చూడలేదు. ఒక ఆఫీసుకి పోయి అడిగితే వర్షపాతం కాగితం చేతిలో పెట్టారు. అదీ మండల కేంద్రంలో కొలిచింది. కొండ మీద కురిసే వాన వేరు, ఊళ్లో కురిసే వాన వేరని మేకల కాపరిని అడిగినా చెబుతాడు.

ఇక మొక్కల సంగతి. చెట్టు నాటితే గెడ్డ నిండుతుందని ప్రతి వనమహోత్సవంలోనూ ఉపన్యాసమే. ఊటీ దగ్గర గ్లెన్‌మోర్గాన్‌లో పక్కపక్కనున్న రెండు లోయలు తీసుకుని, ఒకదాన్ని గడ్డినేలగానే ఉంచి, రెండోదానిలో నీలగిరి (యూకలిప్టస్) చెట్లు వేసి ఏళ్ల తరబడి కొలిచారు. చెట్లు వేసిన లోయ నుంచి వచ్చే నీరు మొదటి విడతలో 16 శాతం, నరికాక మళ్లీ చిగిర్చిన రెండో విడతలో 25 శాతం తగ్గింది. అమెరికాలో హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1965 చివర్లో ఒక లోయలో చెట్లన్నీ కొట్టేశారు. మొదటి ఏడాది వాగులో నీరు దాదాపు 40 శాతం పెరిగింది. కానీ నైట్రేటు తాగునీటి హద్దు దాటిపోయింది. అందుకని చెట్లు కొట్టెయ్యమని కాదు నేననేది. ఏ చెట్టు, ఏ నేల, ఏ వాలు, వేసవిలో ఎంత ఊట అన్నది చూడకుండా నీలగిరో, జీడో ఏది దొరికితే అది గుచ్చేసి ఫొటో దిగితే గెడ్డ పారదు.

గెడ్డంటే నీళ్లొక్కటే కూడా కాదు. అదే హబ్బర్డ్ బ్రూక్‌లో ఒక చిన్న వాగుకి ఆహారం లెక్క కడితే 99 శాతం పైగా ఒడ్డున ఉన్న అడవి నుంచే వస్తోందని తేలింది. రాలిన ఆకుని పురుగు తింటుంది, పురుగుని చేప తింటుంది. తొలకరికి పరిగె చేపలు ఎదురెక్కే దారికి అడ్డంగా నిలువెత్తు కాంక్రీటు కట్టి, ఆనక చేపపిల్లలు వదులుతూ మళ్లీ ఇంకో ఫొటో!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి జీడి, కొబ్బరి నేలమట్టం చేసినప్పుడు పరిహారం కోసం చెట్లు లెక్కపెట్టారు, అదైనా సవ్యంగా చేశారా అంటే అది వేరే రామాయణం. తోటలు పోయాక గెడ్డల్లో నీరు, ఒండ్రు ఎలా మారాయో చూడ్డానికి అంతకంటే అదను దొరుకుతుందా? ఎవరు చూశారు? ఉద్దానం కిడ్నీ జబ్బుకీ ఇదే వరస. ఎన్ని బృందాలొచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయాయో ఊళ్లోవాళ్లకే తెలుసు. 2023 డిసెంబరులో ఉద్దానానికి హిరమండలం జలాశయం నీళ్లు తెచ్చే పైపులు ప్రారంభించారు, సంతోషం. జబ్బుకి మూలమేమిటో మాత్రం గట్టిగా చెప్పిన నాథుడు లేడు. పైన కొండల్లో క్వారీలకి అనుమతులిచ్చేటప్పుడు కింద గెడ్డ ఏమవుతుందని ఒక్క కాగితంలోనైనా రాస్తారా?

ఇదేం రాకెట్ ప్రయోగం కాదు. ఒకేలాంటి రెండు గెడ్డలు ఎంచుకుని, ఒక్కోదానికి అడ్డంగా వీ ఆకారపు గాడి ఉన్న చిన్న గోడ కట్టి, ఆ గాడిలో నీటి ఎత్తు రోజూ రాస్తే ప్రవాహం తెలుస్తుంది. కొన్నేళ్లు రెండూ కొలిచాక ఒకదాని మీదే చెక్‌డ్యాము కట్టండి. నేల, నీటి సంరక్షణ మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం కొండ అవతల కోరాపుట్ జిల్లా సునాబెడలో ఉంది. అడిగితే చెప్పరా? కొండ పిల్లలకి కొలబద్ద చదవడం ఒక పూటలో నేర్పొచ్చు, వాళ్లకి నాలుగు రూపాయలొస్తాయి.

అప్పటిదాకా ఆగలేమంటే, పని దగ్గర పెట్టే బోర్డు మీద అంచనా వ్యయం, కాంట్రాక్టరు పేరు కింద ఇంకో వరుస రాయించమని అడగండి: ఈ గెడ్డలో వేసవి ప్రవాహం ఇంత. అంకె లేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలెయ్యమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మందస, శ్రీకాకుళం జిల్లా