అపలాచియన్ ట్రెయిల్‌పై నన్ను ఆదుకున్న వారికి

అమెరికాలో జార్జియాలోని స్ప్రింగర్ పర్వతం నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ ట్రెయిల్ నడక పూర్తిచేశాను. సుమారు 3,500 కిలోమీటర్ల దారి. తెలిసినవాళ్లంతా నా పట్టుదలను మెచ్చుకుంటున్నారు, సంతోషమే. అయితే ఆ మెచ్చుకోలులో సగానికి పైగా నాకు ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెందాలి. వాళ్లలో చాలామంది పేర్లు నాకు తెలియవు. తెలిసినవి కూడా ట్రెయిల్ మీద పెట్టుకున్న మారుపేర్లే. విడివిడిగా ఉత్తరాలు రాయడానికి చిరునామాలు లేవు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, పెన్సిల్వేనియాలో నా మోకాలి వెనక ఎర్రటి వలయాన్ని గమనించిన నర్సు గారికి. ఆ సాయంత్రం షెల్టర్‌లో మీరు వంట చేసుకుంటున్నారు. నేను బూట్లు విప్పుతుంటే స్టవ్ ఆర్పేసి వచ్చి, "కొంచెం అటు తిరగండి" అన్నారు. ఆ రాష్ట్రంలో దారంతా రాళ్లు. ఒళ్లునొప్పులు లేనివాళ్లు మా గుంపులో ఎవరూ లేరు. నాకు జ్వరం కూడా ఉందని నుదుటి మీద చేయి వేసి మీరే చెప్పారు. ఆ ప్రాంతాల్లో పిడుదులు కుట్టి లైమ్ వ్యాధి తెస్తాయి. పిల్ల పిడుదు గసగస గింజంత ఉంటుంది. మోకాలి వెనక కుడితే కుట్టించుకున్నవాళ్లకు కనిపించదు. మీరు కంగారు పెట్టలేదు. మొదట్లోనే మందు పడితే తగ్గిపోతుందని, ఆలస్యమైతే కీళ్లనూ నరాలనూ పట్టుకుంటుందని వివరంగా చెప్పారు. మర్నాడు పొద్దున్నే మీ నడక ఆపుకొని, నా సంచిలో బరువైన సామాన్లు మీ సంచిలో వేసుకొని, రోడ్డు దాకా నాతో దిగి వచ్చారు. మీరు నడవాల్సింది ఉత్తరానికి. నా కోసం వచ్చిన దారినే వెనక్కి నడిచారు. దూర నడక చేసేవాళ్లకు దాని విలువ తెలుసు.

ఆ రోడ్డు మీద ట్రక్కు ఆపిన పెద్దాయనకు. పట్నంలో క్లినిక్ దగ్గర దింపి వెళ్తారనుకున్నాను. నాకు డాక్సీసైక్లిన్ రాసి పంపేదాకా మీరు బయటే కూర్చున్నారు. ఆ తర్వాత మీ ఇంటికే తీసుకెళ్లారు. జ్వరం తగ్గేదాకా మీరూ మీ భార్యా నన్ను కదలనివ్వలేదు. ఆ మందు వేసుకుంటున్నన్నాళ్లు చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుందని తెలుసుకొని, ఆమె తన పొడుగు చేతుల చొక్కానూ వెడల్పాటి అంచు టోపీనీ నాకు ఇచ్చేశారు. పెట్రోలు డబ్బులు తీసుకోమంటే మీకు కోపం వచ్చింది. కటాడిన్ చేరితే ఒక్క ఫొటో పంపమన్నారు. పంపాను, మీకు అందిందని ఆశిస్తున్నాను.

వేసవిలో ఊటలు ఎండిపోయిన చోట, రోడ్డు దాటే దగ్గర చెట్టు కింద నీళ్ల డబ్బాలు పెట్టి వెళ్లిన వాళ్లను నేను చూడనే లేదు. వాళ్లు మళ్లీ వచ్చి ఖాళీ డబ్బాలు తీసుకెళ్లి, నింపి తెచ్చేవారని తర్వాత విన్నాను. ఇలాంటి వాళ్లను ట్రెయిల్ ఏంజెల్స్ అంటారు. పగటి వేడికి నాలుక పిడచకట్టుకుపోయినప్పుడు ఆ నీళ్లు తాగిన ప్రతి ఒక్కరి తరఫునా మీకు దండం పెడుతున్నాను.

నిజానికి ఆ దారే అపరిచితులు చేసిన సాయం. 1921లో బెంటన్ మెకై ఈ ట్రెయిల్‌ను ప్రతిపాదించాడు. 1937 నాటికి ఆ చివర నుంచి ఈ చివర దాకా దారి కలిసింది. ఈనాటికీ దాన్ని నిలబెడుతున్న వాళ్లలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున తెల్ల గుర్తులు వేసేది వాళ్లు. గాలివానకు పడ్డ మానులను కోసి తొలగించేది, వాన నీరు దారిని కోసేయకుండా కాలువలు తీసేది, షెల్టర్ల దగ్గర మరుగుదొడ్లు బాగుచేసేది కూడా వాళ్లే. పొగమంచులో పది అడుగుల అవతల ఏముందో కనిపించని పొద్దుల్లో ఒక తెల్ల గుర్తు నుంచి ఇంకో తెల్ల గుర్తుకు నడిచాను. వాటిని వేసిన చేతుల్లో ఒక్కదాన్నీ నేను పట్టుకొని కృతజ్ఞత చెప్పలేకపోయాను.

మెయిన్‌లో కెన్నెబెక్ నది దాటించిన పడవ మనిషికి కూడా. ఎగువన జలవిద్యుత్తు ఆనకట్ట నుంచి నీరు వదిలితే ఆ నది చెప్పాపెట్టకుండా పెరుగుతుంది. 1985లో నడిచి దాటబోయిన ఒక యాత్రికురాలు మునిగిపోయాక, ఉచితంగా పడవ నడపడం మొదలైంది. పడవ అడుగున తెల్ల గుర్తు ఉంటుంది, అంటే అధికారిక మార్గం ఆ పడవే. ఆ రోజు వాన. ఒడ్డున చాలామందిమి ఉన్నాం. అందరినీ దాటించేదాకా మీరు ఒక్కసారి కూడా కూర్చోలేదు. వణుకుతున్న నాకు మీ చేతి తొడుగులు విప్పి ఇచ్చారు.

నర్సు గారూ, మీకు ఒక మాట బాకీ ఉన్నాను. మందు మధ్యలో మానకూడదని, ఆ తర్వాత కొన్ని నెలలు కీళ్లలో వాపు వస్తుందేమో చూసుకోవాలని మీరు గట్టిగా చెప్పారు. మందు పూర్తిగా వాడాను. ఇంటికి వచ్చాక మళ్లీ వైద్యులకు చూపించుకున్నాను. ఎక్కడా వాపు లేదు, నొప్పి లేదు. కాలు బాగుంది.