టీబీ తగ్గాక వచ్చే దగ్గు

క్షయ నయమయ్యాక ఊపిరితిత్తుల్లో మిగిలిన గుంతల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి తెమడలో రక్తం పడుతుంటే, దాన్ని మళ్లీ టీబీగానే లెక్కగడుతున్నారు. మా ప్రాంతంలో తెమడ పరీక్షలో క్రిమి లేకున్నా, ఎక్స్‌రేలో మచ్చ చూసి రెండోసారి కోర్సు మొదలుపెట్టించినవారిని నేనెరుగుదును. ఆ మాత్రలు బూజును చంపవు సరికదా, వాటిలోని రిఫాంపిసిన్ బూజుకు వాడే ఇట్రాకొనజోల్‌ను ఒంట్లో నిలవనివ్వదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల వరుసలో పెట్టింది. ఇక్కడ మాత్రం దాని యాంటీబాడీలు చూసే ఐజీజీ రక్తపరీక్షకు పేదలు నగరంలోని ప్రైవేటు ల్యాబులకు పోవాల్సి వస్తోంది. తెమడలో క్రిమి కనబడని పాత రోగులకు టీబీ మందులు తిరిగి మొదలుపెట్టేముందు ఈ పరీక్షను జిల్లా టీబీ కేంద్రంలోనే ఉచితంగా చేయాలి; ఇట్రాకొనజోల్‌నూ అక్కడే ఇవ్వాలి.

– విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు