ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి

నెలలు నిండకుండా పుట్టిన మా పాప బరువు కిలోన్నర. నా భార్యకు ఇంకా మత్తు దిగలేదు, నాకేమో ఒకటే టెన్షన్. మీరు వచ్చి "చొక్కా విప్పి కూర్చో తమ్ముడూ" అన్నారు. డైపర్, టోపీ తప్ప ఒంటిమీద ఏమీ లేని పాపను నా ఛాతీమీద బోర్లా పడుకోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, గుడ్డ చుట్టి కట్టారు. గంటగంటకూ వచ్చి పాప పాదాలు వెచ్చగా ఉన్నాయో లేదో పట్టి చూశారు.

ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇదని మీరే చెప్పారు. ఎక్కడి బొగోటా, ఎక్కడి మా ఖమ్మం! మా అత్తమ్మకూ ఓపిగ్గా నేర్పారు. మొన్న తక్కువ బరువు బిడ్డను కన్న పక్కింటి కోడలికి దగ్గరుండి చూపించింది ఆవిడే. సిస్టర్ గారూ, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం.